నాలుగో కోటు

ఓజెల్లా ప్రూయిట్ మా ఊళ్ళో కుట్టుపని మనిషి. నల్లవాళ్ళ కాలేజీ గేటుకి ఎదురుగా ఒంటిగది కొట్టు, వెనకే ఇల్లు. ముప్పై ఏళ్ళుగా సొరారిటీ అనే అక్కచెల్లెళ్ళ సంఘం అమ్మాయిల కోట్లన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్ళాయి: వంకాయరంగు గుడ్డ, వీపున సంఘం అక్షరాలు, చేతి మీద నంబరు. మేడమీద గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. ఓడ కళాసీల ముఠాలు చూశాను, మఠాల్లో సన్యాసుల పంక్తులు చూశాను, పుస్తకాల్లో ఇంకా వింతవి చదివాను. లోపలికి రానిచ్చేముందు మనిషిని ఏడిపించని గుంపు ఇంతవరకూ నాకు తగల్లేదు.

ఆమెనూ ఏడిపించారు. 1963లో సంఘంలో చేరడానికి ఏడుగురమ్మాయిలు పొట్టి నుంచి పొడుగుకి వరసకట్టి, ఏడు వారాలు ముందున్నదాని భుజం మీద చెయ్యేసి నడిచారు. నాలుగోది ఓజెల్లా. ఆమె చెయ్యి మూడోదైన లువీనియా భుజం మీద. ఏడో వారం శనివారం ప్రమాణం చేస్తే బతికినన్నాళ్ళూ అక్కచెల్లెళ్ళే. ఆ ముందు గురువారం కబురొచ్చింది, రంపం మిల్లులో తండ్రి పోయాడని. ఓజెల్లా వెళ్ళిపోయింది. వరస వదిలినదానికి మళ్ళీ చోటు లేదు, ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వరు. ఆ ఏటి వరస ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు. తండ్రి లేని ఇంట్లో చదువూ అక్కడితో సరి.

ఆ వరసకి యాభై ఏళ్ళు నిండిన ఏడు, పాత విద్యార్థులు కాలేజీకి తిరిగొచ్చే హోంకమింగ్ పండగకి ముందు లువీనియా కొట్టుకొచ్చింది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్.

"ఏమే ఓజెల్లా, సూదిలో దారం ఇంకా ఎక్కుతోందా?"

"నీ నడుముకి టేపు చాలదేమో గానీ, నా కళ్ళకేం ఢోకా లేదే."

"హోంకమింగ్‌కి కోట్లు కావాలి. మన వరస మొత్తానికి."

"మొత్తానికా?"

"మొత్తానికేనే. ఏడూ."

ఇంకో మాట అడగలేదు ఓజెల్లా. అడగాల్సింది. నాలుగో కోటు తన కొలతకే కుట్టుకుంది. కుడి భుజం వంగిందని అటువైపు అరంగుళం దించింది. తొడిగి మాత్రం చూసుకోలేదు. సంఘంలో లేనివాళ్ళ ఒంటి మీద ఆ అక్షరాలు పడకూడదు.

"శనివారం దాకా ఆగుతా," అంది నాతో. "యాభై ఏళ్ళు ఆగినదాన్ని."

శనివారం పండగలో బ్యాండు డప్పులు, వేపుడు చేపల వాసన. కాలేజీ ఆవరణలో సంఘం బెంచీ దగ్గర ఆరుగురూ కోట్లు తొడుక్కున్నారు. ఓజెల్లా మిగిలిన నాలుగో నంబరు కోటుకి చెయ్యి చాపింది.

"అయ్యో, అది నీక్కాదే," అంది లువీనియా. "ఖాళీ చోటుకి గుర్తు. కుర్చీకి తొడుగుతాం."

"ఆ చోటు నాదేగా. ఇదిగో, ఎదురుగానే ఉన్నాగా."

"రూలు నేను రాశానా? కోటు రావచ్చు, మనిషి రాకూడదు."

"ఒక్క ఫోటోకేగా, పోనీవే," అంది ఏడో నంబరు డోరెథా.

"నువ్వు నోర్మూసుకో. ప్రమాణం చేశాం."

కుర్చీకి కోటు తొడిగారు. లువీనియా తన ఫోను తెచ్చి ఓజెల్లా చేతిలో పెట్టింది.

"నువ్వు తియ్యవే, నీది నిలకడైన చెయ్యి."

తీసింది. ఫోను తిరిగిచ్చింది.

"కోటైనా ఉంచి పోండే," అంది.

"బయటివాళ్ళింట్లో ఆ అక్షరాలు ఉండకూడదు కదే. నీకు తెలీందేముంది." లువీనియా భుజం తట్టి మరీ చెప్పింది.

సోమవారం కొత్త వరస పిల్లలు వంకాయరంగు తానుతో వచ్చారు. ఓజెల్లా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తీసుకుపోండమ్మా. ఇది బయటివాళ్ళిల్లు."

ఆ కోట్లే లేకపోతే ఆ కొట్టుకి ఇంకేం పనుంది? వేసవికి ముందే మూతపడింది.