నాయనమ్మ పైసా మీద సంవత్సరం

మొన్న మిర్యాలగూడలో గొలుసుకు మెరుగు పెట్టించబోతే యాసిడ్ ఘాటుకు గొంతు పట్టేసింది. మన ఈడు వాళ్లకు గుర్తుంటుంది, కంసాలి కొట్టు ముందు ముక్కు మూసుకుని నిలబడేవాళ్లం.

నాయనమ్మ మెడ తాడుకు ఒక రాగి పైసా ఉండేది. ఆమె పుట్టిన ఏడు వచ్చిన కొత్త పైసాను వాళ్లమ్మ కట్టిందట. అరిగి అంకెలు పోయాయి. తన వయసు తెలుసుకోవాలని, నా చిన్నప్పుడు ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని కంసాలి దగ్గరికి వెళ్లింది.

"యాసిడ్ పోస్తే అంకెలు తేల్తయేమో. పైసా ఖరాబైతది, మళ్ల నన్ననొద్దు," అన్నాడాయన.

వాళ్లమ్మ గుర్తుగా మిగిలింది అదొక్కటే. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కానియ్. నా ఈడు నాకు తెల్వాలె."

ఆకుపచ్చ నురుగు పొంగింది. పైసా కరిగిపోతోందని నాకు ఏడుపొచ్చింది. ఆయన కడిగి ఇస్తే, గరుకుబారిన రాగి మీద నాలుగంకెలు లీలగా కనిపించాయి. 1939 అని చదివాను.

"రజాకార్ల లొల్లప్పుడు నా లగ్గమైంది. లెక్క సూడయ్యా," అంది నాయనమ్మ.

కంసాలి వేళ్ల మీద లెక్కపెట్టాడు. "లొల్లి నలభై ఎనిమిదిల. అప్పటికి నీకు తొమ్మిదేండ్లేనమ్మా."

"పదమూడని చెప్పిండు మా అయ్య."

పైసాను కొంగున ముడేసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నిండు బిందె లేపలేక మా అత్తతోని దెబ్బలు తింటుంటి బిడ్డా. నాకే శాతకాదనుకున్న."