అల్లుణ్ణి ముట్టని ఆవభూతం

అనకాపల్లిలో రాక్షసుల్ని న్యాయంగా తయారుచేసే మనిషి ఒక్కరే ఉన్నారు, త్రినాధరావు మాస్టారు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. కూతురు దివ్య ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఒక ఆట నేర్చుకొచ్చి ఆయనకి అంటించింది. బల్ల చుట్టూ కూర్చుంటే ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు వీరులై, పాచికలు వేస్తూ రాక్షసులతో కొట్లాడతారు. పెళ్లయ్యాక దివ్య మానేసింది. ఆయనకి మాత్రం ముదిరిపోయింది.

పుస్తకంలో ఉన్న రాక్షసులు ఆయన కంటికి ఆనరు. సొంతంగా వండుకుంటారు. "రాచ్చసుడు ఊరికే సావకూడదు, అందర్నీ సంపీకూడదు. పాచిక్కి మొగమాటం ఉండదు," అని ప్రతి ఆదివారం మాకు పాఠం. మేమంటే పక్కింటివాణ్ణి నేనూ, ఎరువుల కొట్టు అప్పలరమణా. ఆ నీతులు విని చెవులు చిల్లులు పడ్డా, ఆట న్యాయంగానే ఉండేది. అందుకే వెళ్లేవాళ్లం.

ఆయన గొప్ప సృష్టి ఆవభూతం. మా ఊరి దగ్గరున్న కొండకర్ల ఆవ సరస్సులో ఉంటుంది. తామర తూళ్లతో కాళ్లు చుట్టి నీళ్లలోకి లాగేస్తుంది. దాని బలం ఎంతుండాలో నెల్లాళ్లు తూచి తూచి తేల్చారు. సరిగ్గా అది బయటికొచ్చిన రోజే కొత్తల్లుడు లోహిత్ మాతో ఆటకి కూర్చున్నాడు.

మొదటి తూడే లోహిత్ వీరుడి కాలు పట్టుకుంది. మాస్టారి పాచిక మీద పెద్ద అంకె పడింది. జంతికల పళ్లెంతో వచ్చిన మాస్టారి భార్య దేముడమ్మగారు గుడ్లురిమారు.

"కొత్తల్లుడి మీద దెబ్బేత్తారేటండీ? అలిగి ఎలిపోతే?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఆవభూతం కొత్తగా పెళ్లయినోళ్ల జోలికి పోదు."

"ఎన్నాళ్ల దాకా కొత్త, మాస్టారూ?" అన్నాడు అప్పలరమణ. మాస్టారు వేసిన పాచిక వెనక్కి తీసేసుకున్నారు.

సరే, మాకూ బుర్రలున్నాయి. అల్లుణ్ణి ముందు నిలబెట్టి, వెనక నక్కి బాణాలేశాం. నెల్లాళ్ల భూతం మా మీద గీత కూడా పెట్టకుండా చచ్చింది. ఆ ఉక్రోషంతో మాస్టారు మరుసటి ఆదివారానికి దాని బలమూ, తూళ్ల పొడుగూ పెంచేశారు. ఈసారి మేమిద్దరం చచ్చాం, అల్లుడు చెక్కుచెదరకుండా జంతికలు నములుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇది ఆటేటి మాస్టారూ, అత్తోరింటి మర్యాద! ఇలాగైతే రేపట్నించి మేం రాం."

మాస్టారి మొహం పాలిపోయింది. కూతురెలాగూ ఆడదు, మేమూ పోతే ఇక ఆయన భూతాలతో ఆయనే ఆడుకోవాలి. నిజం చెప్పొద్దూ, జాలేసింది. అయినా తగ్గలేదు.

అప్పుడు లోహిత్ పళ్లెం పక్కన పెట్టాడు. "మామయ్యగారూ, నన్ను కూడా సంపెయ్యండి. ఈ ఇంట్లో కుర్చీ జరుపుకోనివ్వరు, మంచినీళ్లు ముంచుకోనివ్వరు. సుట్టంలా కూకోలేక సత్తన్నాను. ఇక్కడైనా మీ మనిషిలా సూడండి."

మాస్టారు వంటింటి వైపు దొంగచూపొకటి చూసి పాచిక వేశారు. ఇంక దయ చూపలేదు. అల్లుడు ఆవలో మునిగి గుడ్లు తేలేశాడు.

"సచ్చినోడివి, కాళీగా కూకుంటావేటి? లోనికెళ్లి మాకు టీ ఎట్టు," అన్నారు మాస్టారు.

లోహిత్ ఒక్క పరుగు తీశాడు. దేముడమ్మగారు లబోదిబోమన్నా గిన్నె వదల్లేదు.

టీ కషాయంలా ఉంది. ఆ మాట మాస్టారు అల్లుడి మొహం మీదే చెప్పారు.