వీపు బొత్తాల దేశం

మా ఆయన దర్జీ. వారంలో ఆరు రోజులు మాత్రమే దర్జీ అని, ఆదివారం మధ్యాహ్నం నుంచి ఒక లోకానికి సృష్టికర్త అని ఆయన ఉద్దేశం. ఆ లోకంలో దేవుళ్ళున్నారు, రాజులున్నారు, ఒకరంటే ఒకరికి పడని జాతులున్నాయి, మాట్లాడే మేకలు కూడా ఉన్నాయి. నా చేతిసంచీ జిప్పు ఊడి ఏళ్ళయింది. మేకలకి మాటలు నేర్పడానికి తీరిక ఉంటుంది గానీ దానికి ఉండదు.

ఇదొక ఆట. పేకాటలా గెలవడాలూ ఓడడాలూ ఉండవు. కొట్లో కత్తిరింపు బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. మా ఆయన కథ చెబుతూ ఉంటారు. ఆ కథలో ఒకరు దొంగ, ఒకరు మంత్రగాడు. తమ పాత్ర ఏం చేస్తుందో ఎవరికి వాళ్ళు చెబుతారు, ఆ పని జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. పెద్ద అంకె పడితే పని అయినట్టు. ఒకటి పడితే కొంప మునిగినట్టు.

దొంగ మా వీధి బస్సు డ్రైవరు. వారమంతా సిగ్నళ్ళ దగ్గర ఆగీ ఆగీ విసిగిపోయి ఉంటాడేమో, ఆ లోకంలో ఎక్కడా ఆగడు. నర్సమ్మ కత్తి పట్టిన యోధురాలు. ఆరు రోజులు జనానికి కట్లు కట్టి, ఏడో రోజు కసిదీరా నరుకుతుంది. లెక్కల మాస్టారు మంత్రగాడు. మంత్రం వేసేముందు అది పారే అవకాశమెంతో లెక్కగట్టి అందరికీ వివరిస్తారు, ఈలోగా శత్రువు ఇంటికెళ్ళి స్నానం కూడా చేస్తాడు. నాలుగో మనిషి పక్క కొట్లో వాచీలు బాగుచేసే బాబాయిగారు. ఆయన రాణి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు దేవుళ్ళ గురించి చెప్పాలి. వాళ్ళ కోసం మా ఆయన పెద్దగా దూరం వెళ్ళలేదు. కొలతల దేవుడని ఒకడున్నాడు. ఒకే మనిషిని రెండుసార్లు కొలిచి రెండు కొలతలు చెబుతాడు. రేపటి దేవుడని ఇంకొకడు. ఏం కోరినా ‘రేపు రండి’ అంటాడు. మా కొట్టుకి బట్టలిచ్చిన వాళ్ళెవరైనా ఆ దేవుణ్ణి ఇట్టే గుర్తుపడతారు. వీళ్ళందరికీ పైన సణుగుడమ్మ. ఆవిడ తెర వెనక ఉంటుంది, కనిపించదు, వినిపిస్తుంది. తడి తువ్వాలు మంచం మీద పడేసిన వాళ్ళ పంటలు ఆవిడ కోపానికి ఎండిపోతాయి. యుద్ధం మధ్యలో ఆవిడ గ్లాసులు టంగుమనిపిస్తే రెండు సైన్యాలూ ఆయుధాలు దించి టీ తాగాలి. ఈవిడెవరండీ అని అడిగితే ‘కల్పన’ అన్నారు మా ఆయన. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమెందుకని నేను ఊరుకున్నాను.

ఆయన కల్పించిన వాటిలో నాకు నచ్చింది ఒకటుంది. ఆ మాట ఆయనకి చెప్పలేదు, చెబితే నెల రోజులు కాళ్ళు నేల మీద ఆనవు. సముద్రం ఒడ్డున వీపు బొత్తాల దేశం అని ఉంది. అక్కడ ఆడా మగా అందరి బట్టలకీ బొత్తాలు వీపు వైపే ఉంటాయి. ఎవరి బొత్తాలు వాళ్ళు పెట్టుకోలేరు కాబట్టి తెల్లారేసరికి ఎవరో ఒకరితో మాట కలపాలి. రాత్రి ఎంత పోట్లాడుకున్నా పొద్దున వీపు తిప్పి నిలబడాల్సిందే. ఆ దేశంలో ఏ అలకా మర్నాటి దాకా నిలవదట. ఒక ఆసామి చొక్కాకి మా ఆయన పొరపాటున వెనక బొత్తాలు కుట్టేసిన పూట పుట్టిన దేశం అది. తప్పు విప్పి కుట్టడం కన్నా దేశం కట్టడం ఆయనకి తేలిక.

ఆ లోకం పటమంతా కత్తిరింపు బల్ల మీదే సుద్దముక్కతో గీస్తారు. సోమవారం బల్ల మీద బట్ట పరవాలి కదా, అందుకని పొద్దున్నే తడిగుడ్డతో లోకాన్ని తుడిచేస్తాను. కొండలూ కోటలూ నా చేతిలోనే పోతాయి, నాకేం బాధ లేదు. మళ్ళీ ఆదివారం అందరూ కలిసి గుర్తున్నంత మేరకు గీస్తారు. కాగితం మీద గీసుకోవచ్చుగా అని ఒకసారి అడిగాను. “కాగితం మీద గీస్తే అది పటమవుతుందే. లోకం ఎలా అవుతుంది?” అన్నారు. ఈ మనిషితో వాదించే ఓపిక నాకెప్పుడూ లేదు.

ఆ గీతలకి ఒక చట్టముంది. బల్ల దగ్గర ఒక్కరికి గుర్తున్నా అది ఉన్నట్టే. ఎవ్వరికీ గుర్తులేకపోతే అది ఎప్పుడూ లేనట్టే. అలా ఒక పట్టణం, ఇద్దరు రాజులు, డ్రైవరు పెళ్ళాడిన ఒక రాకుమారి మాయమైపోయారు. రాకుమారిని అతను కావాలనే మరిచిపోయాడని నా అనుమానం. ఇంకో చట్టం పాచికది. పడింది పడ్డట్టే, దేవుళ్ళు కూడా తిప్పలేరు. మా ఆయన మెత్తని మనిషి, కొట్లో ఎవరేమడిగినా సరేనంటారు. ఈ చట్టాల దగ్గర మాత్రం కాలు కదపరు.

ఇక రాణి సంగతి. బాబాయిగారి భార్యని నేను పిన్నిగారూ అనేదాన్ని. చుట్టరికమేమీ లేదు, మధ్యలో ఒక గోడ ఉంది అంతే. ఆవిడ ఎవరు కనిపించినా ముందు “తిన్నారా?” అని అడిగేవారు. కరెంటు మీటరు చూసే మనిషినీ అడిగేవారు, దారి తెలీక ఆగినవాణ్ణీ అడిగేవారు. తిన్నామంటే వదిలేవారు కాదు, “ఏం తిన్నావు?” అనేవారు. అబద్ధాలాడేవాళ్ళం అక్కడ దొరికిపోయేవాళ్ళం. ఆవిడ పోయాక బాబాయిగారు ఆవిడ గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే చేతిలో సన్నటి స్క్రూడ్రైవరు కింద పెట్టి, విప్పిన వాచీ విప్పినట్టే వదిలేసి కొట్టు మూసేసేవారు. అది చూడలేక వీధంతా ఆ పేరు మానేసింది.

మా ఆయనే ఆయన్ని ఆటలోకి లాక్కొచ్చారు. దొంగ వేషం వద్దన్నారు, యోధుడు వద్దన్నారు. వీపు బొత్తాల దేశంలో సింహాసనం ఒకటి ఖాళీగా ఉంది. “రాణి వేషం, పరవాలేదా బాబాయ్?” అని మా ఆయన అడిగితే, “కూర్చుని చేసే పనేగా” అని ఒప్పుకున్నారు. మొదటి పూటే పొరుగు రాజు దూత వచ్చి యుద్ధం ప్రకటించాడు. నేను తెర ఇవతల వంటింట్లో ఉన్నాను.

“సర్లే నాయనా, యుద్ధం సంగతి తర్వాత. ముందు తిన్నావా?” అని వినబడింది.

గొంతు బాబాయిగారిది, మాట పిన్నిగారిది. నా చేతిలో గ్లాసు జారి పగిలింది. దూత వేషంలో ఉన్న మా ఆయన తడబడి, తిన్నానన్నారు.

“ఏం తిన్నావు?” అన్నారు రాణిగారు.

ఆ యుద్ధం జరగలేదు. ఆ తర్వాత చాలా యుద్ధాలు అలాగే జరగలేదు, నర్సమ్మకి అదొక లోటు. వారమంతా నాలుగు మాటలు మాట్లాడని మనిషి ఆదివారం వచ్చేసరికి సామంతుల్ని చెవి మెలిపెట్టి తిట్టేవారు, మంత్రుల చేత చేతులు కడిగించేవారు. రాణిగారి మాటలు వినడానికి నేను కూరలు తరిగే పనంతా ఆదివారానికే ఉంచుకునేదాన్ని. నాకు ఆవిడంటే ప్రాణం.

ఒక ఆదివారం కొండజాతి సైన్యం సరిహద్దు దాకా వచ్చింది. రాణిగారు తానే వెళ్ళి మాట్లాడతానని రెండు బళ్ళ నిండా రొట్టెలు కట్టించుకుని బయల్దేరారు. దారికి అడ్డంగా నది ఉంది. పడవెక్కారు. మా ఆయన పాచిక వేయమంటే బాబాయిగారే వేశారు. ఒకటి పడింది. పడవ మునిగింది.

“ఇంకోసారి వేయించండి” అంది నర్సమ్మ. మా ఆయన మింగలేక కక్కలేక, “పడింది పడ్డట్టే” అన్నారు. బాబాయిగారు పాచికని బల్ల మధ్యలో జాగ్రత్తగా పెట్టి, టీ సగంలో వదిలి, “వస్తానమ్మాయ్” అని నాతో చెప్పి వెళ్ళిపోయారు.

సోమవారం ఆయన కొట్టు తెరవలేదు. మంగళవారమూ తెరవలేదు. భోజనం డబ్బా తీసుకెళ్తే గుమ్మం దగ్గరే అందుకున్నారు. మర్నాడు మూత తియ్యకుండానే తిరిగిచ్చారు. తిన్నారా అని అడగడానికి నాకు నోరు రాలేదు. పిన్నిగారు పోయిన కొత్తలో కూడా ఈ మనిషి తిండి మానలేదు. నాకు నిజంగా భయం వేసింది.

మా ఆయన పరిస్థితీ అంతంతమాత్రమే. ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టారు. బుధవారం సూది పట్టుకుని గోడకేసి చూస్తూ, “ఏమే, ఆ దారిలో నది లేదే” అన్నారు.

“ఏ దారిలో?”

“రాణిగారు వెళ్ళిన దారిలో. ఆ నది కొండకి అవతల పారాలి. నేనే తప్పు గీశాను, ఎవరూ చూసుకోలేదు. లేని నదిలో ముంచేశానే ఆవిణ్ణి.”

నాకు ఒళ్ళు మండింది. “అయితే సృష్టికర్తగారూ, తప్పు గీశానని చెప్పి ఆవిణ్ణి వెనక్కి తెండి.”

“గీసింది గీసినట్టే. పడింది పడ్డట్టే.”

“ఆ చట్టాలు నానబెట్టుకుని తాగండి” అని లోపలికి వచ్చేశాను. గిన్నెలు కాస్త గట్టిగానే తోమాను, సణుగుడమ్మకి ఆ మాత్రం హక్కుంది. అలా తోముతుండగానే తట్టింది. చేతులు తుడుచుకోకుండా మళ్ళీ కొట్లోకి వెళ్ళాను.

“సోమవారం బల్ల తుడిచింది ఎవరు?”

“నువ్వే.”

“ఆదివారం ఆ నది ఎవ్వరికీ గుర్తులేకపోతే?”

ఆయన సూది కింద పెట్టారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అంత మర్యాదగా చూడడం అదే మొదటిసారి.

డ్రైవరూ నర్సమ్మా వెంటనే సరేనన్నారు. మాస్టారితోనే వచ్చింది చిక్కు. అబద్ధం తన నోట రాదన్నారు. “అబద్ధం కాదండీ, మతిమరుపు. మీ వయసుకి అది వచ్చే అవకాశమెంతో లెక్కగట్టుకోండి” అన్నాను. పాపం, నిజంగానే వేళ్ళు ముడిచి లెక్కపెట్టి, ఒప్పుకున్నారు. బాబాయిగారి దగ్గరకి నేనే వెళ్ళాను. మనిషి తక్కువైతే పటం కుదరదట, రమ్మంటున్నారని చెప్పాను. వచ్చారు. గడ్డం మాసి ఉంది, చొక్కా బొత్తాలు ఒక కాజా బదులు ఇంకో కాజాకి పెట్టుకున్నారు.

మా ఆయన సుద్దముక్క తీసి సముద్రం గీశారు, కొండ గీశారు. “నది ఎక్కడుండేది?” అని ఏమీ ఎరగనట్టు అడిగారు. నాటకాలకి పనికిరారు, చెవులు ఎర్రబడిపోయాయి.

“కొండకి అవతల” అన్నాడు డ్రైవరు.

“అవతలే” అంది నర్సమ్మ.

మాస్టారు కోర్టులో సాక్షిలా లేచి నిలబడ్డారు. “నాకు ఆ దారి గురించి ఏమీ గుర్తులేదు” అని చెప్పి, చెమట తుడుచుకుని కూర్చున్నారు.

“మరి పోయినవారం పడవ అదీ...” అన్నారు బాబాయిగారు.

“ఏ పడవ?” అన్నాడు డ్రైవరు. రాకుమారి విషయంలో బాగా ఆరితేరినవాడు.

బాబాయిగారు అందరి ముఖాలూ ఒకసారి చూశారు. మా ఆయన చేతిలోంచి సుద్దముక్క తీసుకుని బల్ల మీదకి వంగి, దారికి అడ్డంగా నది గీశారు. వాచీలు విప్పే చెయ్యి, ఎక్కడా వంకర పోలేదు.

“నది ఇక్కడుంది. నాకు గుర్తుంది” అన్నారు.

నేను తెర తోసుకుని వచ్చేశాను. “బాబాయిగారూ, మీరొక్కరు మరిచిపోతే చాలు. రాణిగారు బతుకుతారు.”

“తెలుసమ్మాయ్. మీరంతా ఎందుకు మరిచిపోయారో కూడా తెలుసు.” ఆయన వేళ్ళకంటిన సుద్ద చూసుకున్నారు. “మీ పిన్ని పోయినప్పుడు కూడా వీధి వీధంతా ఇలాగే మరిచిపోయింది, నా కోసమే. నేనూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఇది కూడా మరిచిపోతే, మీ చట్టం ప్రకారం ఆవిడ ఎప్పుడూ లేనట్టే కదా.”

మాస్టారు కళ్ళద్దాలు తీసి, “నాకన్నీ గుర్తున్నాయండి. పడవా గుర్తుంది, పిన్నిగారూ గుర్తున్నారు” అన్నారు. డ్యూటీకి పరిగెత్తేటప్పుడు పిన్నిగారు తన చేతిలో రొట్టె కుక్కి పంపేవారని నర్సమ్మ చెప్పింది. ‘ఏం తిన్నావు’కి జవాబు చెప్పలేక ఒక రోజు బస్సే ఆలస్యం చేశానన్నాడు డ్రైవరు. బాబాయిగారు నవ్వారు. ఆ రోజు సంగతి ఆవిడ ఇంటికొచ్చి ఎలా చెప్పిందో ఆయనా చెప్పారు, ఆవిడలా కాదు, తన గొంతుతోనే.

మా ఆయన మెడలోని టేపు చివరతో కళ్ళు తుడుచుకుని, “సింహాసనం ఖాళీగా ఉండకూడదు బాబాయ్” అన్నారు.

“ఈ అమ్మాయిని కూర్చోబెట్టు. ఎలాగూ తెర వెనకనుంచి ఏలుతూనే ఉందిగా.”

“మరి మీరు?” అన్నాను.

“నేను ఆ కోటలో పాత నౌకరుని. పాత రాణిగారి దగ్గర చాలా కాలం ఉన్నాను. ఆవిడ సంగతులు ఎవరడిగినా చెబుతాను.”

నేను కూర్చున్నాను. ఈ ఆట జన్మలో ఆడనని ఎన్నిసార్లన్నానో మా ఆయన గుర్తుచేయబోతే ఒక చూపు చూశాను.

పాత నౌకరు లేచి నిలబడ్డాడు. “రాణిగారికి ఒక మనవి. మన దేశంలో బొత్తాలు పెట్టే మనిషి పోతే, మిగిలినవాడు ఏం చేయాలి?”

సృష్టికర్త దేశం కట్టారు గానీ ఆ సంగతి ఆలోచించలేదు. నేను బాబాయిగారి చొక్కా వంక చూశాను.

“పక్కింటికి వెళ్ళి వీపు తిప్పి నిలబడాలి. అడగనక్కర్లేదు. రోజూ రావాలి. ఇది మా ఆజ్ఞ.”

“చిత్తం. కానీ మా పాత రాణిగారైతే ఏ ఆజ్ఞకైనా ముందు ఇంకో మాట అడిగేవారు.”

ఆ మాటేమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. వారం రోజులుగా నేను అడగలేకపోయిందీ అదే.

“తిన్నారా, బాబాయిగారూ?”

“లేదమ్మాయ్” అన్నారు. “ఆకలేస్తోంది.”