చర్చికి పోనియ్యని గీత

ఈ రోజు నాలుగింటికి షామీర్‌పేట చర్చిల మా అక్క బిడ్డకు పేరు పెట్టే ప్రార్థన. నేనేమో కండ్లకోయ ఆఫీసుల ఇరుక్కున్న. ఇంజిన్ లేకుండ గాలి మీద తేలే గ్లైడర్లు నడిపేటోళ్ల కోసం మేం సాఫ్ట్‌వేర్‌ల మ్యాపులు అప్‌డేట్ చేస్తం. ఎక్కడ ఎగరొచ్చు, ఎక్కడ ఎగరొద్దు అని.

మూడింటికి బ్యాగు భుజానికేసుకొని లేస్తుంటే స్క్రీన్ మీద ఒక గీత కనవడ్డది. ఫౌజోళ్లు కాల్పులు ప్రాక్టీస్ చేసే జాగ సర్కారోళ్లు పంపిన కొత్త చార్టుల పెద్దగయింది, మా మ్యాపుల మాత్రం పాత గీతే ఉన్నది. ఆరింటికి అప్‌డేట్ పోవాలె. చూడనట్టే పోదామనిపించింది, అబద్ధమెందుకు. కానీ మా మ్యాపు నమ్మి ఎవరన్న సీదా ఆ కాల్పుల మీదికే పోతే? సార్‌కు చెప్పిన.

"మంచిగ పట్టినవమ్మా. నువ్వే సరిజేసి, చుట్టుపక్కలవి గూడ చెక్ చేసి పో" అన్నడు.

అయిదింటికి అవ్వ ఫోన్ చేసింది. "ఏందే, పేరు పెట్టుడు గూడ అయిపాయె. ఏడున్నవ్?"

"ఆకాశంల ఒక గీత తప్పున్నదవ్వా, సరిజేస్తున్న."

"ఆకాశంల గీతలేందే? నువ్వెప్పుడన్న ఆ గ్లైడర్ ఎక్కినవా?"

"లేదు."

"సరే, ఎక్కినోడు సల్లగుండాలె. మంచిగ జెయ్యి" అని పెట్టేసింది.

ఇంకో రెండు తప్పులు దొరికినయ్. ఆరింటికి అప్‌డేట్ పోయింది. పిల్లకు ఏం పేరు పెట్టిన్రో క్యాబుల కూసొని ఫ్యామిలీ గ్రూపుల చూసి తెలుసుకున్న. అక్క ఇంకా నా ఫోన్ ఎత్తుతలేదు. ఆమెను ఒప్పిచ్చుడెట్లనో మీరే చెప్పుండ్రి.