మంత్రసాని మనవరాలు

మా నాయనమ్మ మంత్రసాని. చెరుకుపల్లి దగ్గర మా ఊళ్ళోనూ, కాలవ అవతలి పల్లెల్లోనూ నా ఈడువాళ్ళు చాలామంది ఆవిడ చేతుల మీదుగానే భూమ్మీద పడ్డారు. మా పేటలో పురుళ్ళకు ముందు గుమ్మంలోంచి వెళ్ళేది. రైతుల ఇళ్ళకు పెరటి గుమ్మంలోంచి వెళ్ళేది. ఏ గుమ్మంలోంచి వెళ్ళినా లోపల ఆవిడ మాటే చెల్లేది. పురిటి నొప్పులతో అరుస్తున్న ఆసామి భార్యను కూడా "నోరు మూసుకుని ముక్కవే" అని గదమాయించగలిగింది మా ఊళ్ళో ఆవిడొక్కతే.

నన్ను నర్సు చదువుకు పంపమని పాస్టరుగారు మా ఇంటికి వచ్చి అడిగినప్పుడు మా అమ్మ భయపడింది. నాన్న అప్పటికే లేడు. నాట్లకూ కోతలకూ పోయి అమ్మే నన్నూ, చెల్లినీ, అత్తగారినీ సాకుతోంది.

"మొగాళ్ళ ఒళ్ళు తుడిచే పనంట కదండీ. రేపు దీన్నెవరు చేసుకుంటారు?" అంది.

పాస్టరుగారు బదులు చెప్పేలోపే నాయనమ్మ అందుకుంది. "నే చేసేది మాత్రం ఏంటే? నేను చదువు లేకుండా చేసే పని అది చదువుకుని చేస్తది. పోనియ్యి."

అలా అరవైల మొదట్లో ఒక రేకు పెట్టె పట్టుకుని తెనాలిలో ఆసుపత్రికి చేరాను. అప్పటిదాకా నేను నేల మీద తప్ప మంచం మీద పడుకోలేదు. మొదటి ఏడాది నాకు నేర్పింది చదువు కాదు, కడగటం. మలం పళ్ళేలు కడగటం, నేల కడగటం, చనిపోయినవాళ్ళ మంచాలు కడగటం. సూదులు ఉడకబెట్టే నీళ్ళ ఆవిరికి చేతుల తోలు ఊడేది. నాతో చేరిన ఇద్దరు పిల్లలు ఏడ్చి ఇళ్ళకు వెళ్ళిపోయారు. నాకూ వెళ్ళిపోవాలనే ఉండేది. వెళితే వరి నాట్లే కదా అని ఆగాను.

మా మీద పెద్ద సిస్టరమ్మ ఉండేది. పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఒకరోజు పొద్దున్నే నన్ను వరండా చివరన ఉన్న గదికి తీసుకెళ్ళింది. కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టి ఉన్నాయి. తలుపు అంచుకు గుడ్డ చుట్టారు, మూస్తే చప్పుడు కాకుండా. అది ధనుర్వాతం గది.

"ఇక్కడ వెలుతురు పడకూడదు, గాలి విసురుగా రాకూడదు, చిన్న చప్పుడు కూడా కాకూడదు. దేనికైనా సరే ఒళ్ళు బిగుసుకుపోతుంది. గాజులు తీసేసి రా" అంది నా చెవిలో.

మంచం మీద ఒక బాలింత ఉంది. నా వయసే. నందివెలుగు వైపు నుంచి బండిలో తీసుకొచ్చారు. ఇంట్లో పురుడు పోశారట, ఆడపిల్ల పుట్టిందట. వారం తిరక్కముందే దవడలు బిగుసుకున్నాయి. ఆ జబ్బులో మనిషికి స్పృహ తప్పదు. అది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఒళ్ళు విల్లులా లేచి తలా, మడమలూ మాత్రమే పరుపుకు ఆనినప్పుడు కూడా ఆమె కళ్ళు నన్నే చూస్తూ ఉండేవి.

బిగింపు వదిలినప్పుడు పళ్ళ సందుల్లోంచి మాట్లాడేది. నేను చెవి ఆమె నోటి దగ్గర పెట్టేదాన్ని.

"పిల్లకి... పాలు... ఎవరిస్తన్నారు?"

వరండాలో కూర్చున్న ఆమె భర్తను అడిగి వచ్చి చెప్పాను. "పక్కింటి బాలింత ఇస్తోందంటండి. మీ అత్తగారే ఎత్తుకెళ్తున్నారంట."

కాసేపు కళ్ళు మూసుకుంది. మళ్ళీ బిగింపు వచ్చి వదిలాక అదే ప్రశ్న. ఎన్నిసార్లు అడిగిందో, అన్నిసార్లూ అదే చెప్పాను.

రెండో రోజు పొద్దున పెళ్ళివారి మేళం రోడ్డు మీదుగా వస్తున్న చప్పుడు వినిపించింది. బ్యాండు, డప్పులు, మధ్యమధ్య టపాకాయలు. దూరంగా ఉండగానే ఆమె వేళ్ళు కొంకర్లు పోవటం మొదలైంది. పెద్ద సిస్టరమ్మ గదిలోంచి బయటికి పరుగెత్తింది. ఆవిడ పరుగెత్తటం నేను చూడటం అదొక్కసారే. తలుపు సందులోంచి చూస్తే గేటు అవతల నడిరోడ్డు మీద, తెల్ల చీరలో, మేళానికి ఎదురుగా నిలబడి ఉంది.

పట్టు కండువా వేసుకున్న పెద్దాయన ఒకాయన ముందుకు వచ్చాడు. "శుభమా అని పోతుంటే ఎదురొచ్చి ఆపుతారేంటమ్మా?"

"లోపల ఒక బాలింత ఉందండి. మీ డప్పు దెబ్బ దెబ్బకీ ఆమె వెన్ను విరుగుతుంది. గోడ దాటేదాకా ఆపండి చాలు."

 బ్యాండువాళ్ళే వాయిద్యాలు కిందికి దించారు. అంత పెద్ద ఊరేగింపూ, పల్లకీలో ఉన్న పెళ్ళికూతురితో సహా, ఆసుపత్రి గోడ పొడుగునా మాటా పలుకూ లేకుండా నడిచి వెళ్ళింది. కొందరు చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నారు. మలుపు తిరిగాక ఎక్కడో మళ్ళీ బ్యాండు మొదలైంది.

అంత చేసినా ఆమె దక్కలేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం ఒక బిగింపు వచ్చి ఇక వదల్లేదు. ఊపిరి అందక నా చేతుల మధ్యే పోయింది. భర్త లోపలికి వచ్చి, ఇప్పుడు మాట్లాడొచ్చా అని సైగ చేసి అడిగాడు.

మంచం కడుగుతూ పెద్ద సిస్టరమ్మను అడిగాను, ఇది ఎక్కణ్ణుంచి వస్తుందని.

"మట్టిలో ఉంటుంది, పేడలో ఉంటుంది. కోసిన కత్తికి అంటుకుని వస్తుంది, ముట్టుకున్న చేతికి అంటుకుని వస్తుంది. పుట్టిన పిల్లలకైతే బొడ్డులోంచి."

నాకు మా ఇంటి చూరులో దోపిన కొడవలి గుర్తొచ్చింది. గడ్డి కోసేదీ దాంతోనే, బొడ్డు కోసేదీ దాంతోనే. కోసిన చోట నాయనమ్మ పిడకల బూడిద అద్దేది.

క్రిస్మసు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ మాట ఎత్తాను. కొత్త బ్లేడు వాడాలని, దాన్ని మరిగే నీళ్ళలో వేసి తెర్లించాలని, బూడిద అద్దకూడదని మెల్లిగానే చెప్పాను. నాయనమ్మ ఆకు నమలటం ఆపి విన్నది.

"మీ నాన్నని కోసింది ఈ కొడవలే. నిన్ను కోసింది, నీ చెల్లిని కోసింది ఇదే. ఎవురు చచ్చారే?"

"బాలగ్రహం పట్టి పోయినోళ్ళు లేరా నాయనమ్మా, ఏడో రోజున?"

"అది దేవుడు తీసుకునేది. నేను చేసేది కాదు." లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ నా వైపు తిరిగి, "పెద్దామె మీద నోరెత్తమాకే. ఊరంతా ఆవిడ కాళ్ళకి దణ్ణం పెడతది" అంది.

చదువు పూర్తయ్యాక బాపట్లలో సర్కారు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. స్టాఫ్ నర్సునయ్యాను. రోగుల్లో కొందరు నా చేతి మంచినీళ్ళు తాగేవాళ్ళు కాదు. "ఏ ఊరమ్మాయ్? ఊళ్ళోనా, పేటలోనా?" అని ముందు కనుక్కునేవాళ్ళు. మందు మాత్రం తీసుకునేవాళ్ళు. దానికి అలవాటు పడ్డాను. పడ్డానని అనుకున్నాను.

ఈలోగా చెల్లికి మా ఊళ్ళోనే పెళ్ళయింది. కడుపుతో ఉన్నప్పుడు బాపట్ల వచ్చి నా దగ్గరే పురుడు పోసుకోమని చెప్పాను. వాళ్ళాయన కూడా సరేనన్నాడు. కానీ ముసురు పట్టి, కాలవ పొంగి, దారి మునిగి ఉన్న రోజుల్లో, అనుకున్నదానికంటే ముందే నొప్పులు వచ్చాయి. బండి కదిలే దారి లేదు. నాయనమ్మే పురుడు పోసింది.

వాన తెరిపిచ్చి దారి తేలాక చెల్లి బస్సు దిగి నేరుగా వార్డుకు వచ్చింది. నన్ను చూడగానే ముఖం విప్పారింది. ఒళ్ళో తువ్వాలు తొలగించి చూపించింది.

"అక్కా, రెండ్రోజుల్నించీ పాలు పట్టుకోటం లేదే. కానీ చూడు, నవ్వుతన్నాడు."

ఆ ముఖం నేను తెనాలిలో ఎన్నోసార్లు చూశాను. పెదాలు పక్కలకు లాక్కుపోయి, నుదురు ముడుచుకుని ఉన్నాయి.  బిడ్డను అందుకుని చీకటి గదిలోకి తీసుకెళ్ళాను. డాక్టరుగారు ఉన్న మందులన్నీ వేశారు. చుక్క చుక్క పాలు గొట్టంతో పట్టాం. మర్నాటికి పోయాడు. వాడికి ఇంకా పేరు పెట్టలేదు.

బిడ్డ ఇంకా ప్రాణంతో ఉండగానే నాయనమ్మ వచ్చింది. వద్దన్నా వినకుండా ఒక్కతే బస్సెక్కి వచ్చిందట. గుమ్మంలో నిలబడి, లోపల ఆ పసివాడు బిగుసుకుని వదులవటం చాలాసేపు చూసింది.

"నువ్వప్పుడు చెప్పింది ఇదేనా?"

"ఇదే నాయనమ్మా."

"కొడవలి మీద వేణ్ణీళ్ళు పోశానే. నువ్వు చెప్పావని పోశాను."

పోసింది. తెర్లించలేదు. బూడిద ఎప్పటిలాగే అద్దింది. ఆవిడకు అది నేనెలా చెప్పను? చెప్పనక్కర్లేకుండానే చెల్లి వెనక నుంచి వచ్చి అంది, వార్డంతా వినేటట్టు: "నీ చేత్తోనే నా బిడ్డని చంపావు ముసిల్దానా."

నాయనమ్మ వరండాలో కింద కూలబడి పమిట తల మీదికి లాక్కుంది. ఊరికి వెళ్ళేదాకా ఆ పమిట తియ్యలేదు.

ఆ తర్వాత ఆవిడ పురుడు పొయ్యటం మానేసింది. పేటలోంచి మనుషులు వచ్చి పిలిచినా, రైతులు బండి కట్టి పంపినా ఇంట్లోంచి కదల్లేదు. ఒంట్లో బాగాలేదని అమ్మ చేత చెప్పించేది. మా ఊరి నుంచి ఆసుపత్రి దగ్గరేమీ కాదు. ఊళ్ళో మరో మంత్రసాని లేదు. మా వెనక వీధిలో ఒక మనిషికి బిడ్డ అడ్డం తిరిగింది. తిప్పటం తెలిసింది నాయనమ్మకొక్కదానికే. వాళ్ళ అత్త వచ్చి గుమ్మం ముందు కూర్చుని ఏడ్చినా ఈవిడ గోడవైపు తిరిగి పడుకుంది. బండిలో చెరుకుపల్లి దాటేలోపు తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

నేను సెలవు మీద వెళ్ళినప్పుడు ఆ అత్త నన్ను బావి దగ్గర ఆపింది. "నువ్వు నర్సువయ్యావు. మాకు మంత్రసాని లేకుండా పోయింది" అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

డెబ్భైల నడుమ నన్ను హెడ్ నర్సును చేసి రేపల్లె వేశారు. జీతం పెరిగింది, భుజం మీద బాధ్యత పెరిగింది, చీకటి గది మాత్రం అక్కడా ఉంది. అడవులదీవి వైపు నుంచీ, లంకల్లోంచీ పసిపిల్లల్ని గుడ్డల్లో చుట్టి తెచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు పల్లెల మంత్రసానులను పిలిపించి శుభ్రంగా పురుడు పొయ్యటం నేర్పమని పైనుంచి చెప్పారు. ఆ పని నాకు అప్పగించారు.

ముసలమ్మలు వచ్చారు. కొందరు కునికిపాట్లు పడ్డారు, కొందరు ఆకు నములుతూ కూర్చున్నారు. డాక్టరుగారు చెప్పి వెళ్ళాక నేను అడిగాను, "మీ చేతుల మీద పుట్టిన పిల్లల్లో ఏడో రోజు జబ్బుతో పోయినోళ్ళు ఉన్నారా?"

"అబ్బే, నా చేతిమీద అట్టాంటియ్యి జరగలేదు తల్లీ" అంది ముందున్నామె. తక్కినవాళ్ళూ తలలు అడ్డంగా ఊపారు.

వెనక గోడ దగ్గర నుంచి ఎవరో లేచారు. నాయనమ్మ. ఆవిడ వచ్చినట్టు కూడా నాకు తెలియదు. పక్క ఊరి మంత్రసానితో కలిసి వచ్చి, నా కంట పడకుండా కూర్చుందట.

"నేను చూశాను" అంది. "నా మనవరాలి కొడుకే. నా కొడవలితో కోసి, నా చేత్తో బూడిద పెట్టాను. అంతకు ముందు పోయినోళ్ళు కూడా నా చేతిమీద పోయినోళ్ళే. అప్పుడు నాకు తెలవదు. ఇప్పుడు తెలిసింది. ఆ పిల్ల చెప్పేది ఇనండి."

 అడవులదీవి నుంచి వచ్చిన ఒక ఆవిడ మొదట నోరు విప్పింది. "నా చేతిమీద కూడా పోయారు, సిస్టరమ్మా. మా కోడలికే ఇద్దరు." ఆ తర్వాత ఇంకొకరు. మరొకరు. ఏడుస్తూ కొందరు, ఏడవకుండా కొందరు. ఆ మధ్యాహ్నం నేను చెప్పాల్సిన పాఠం సగం కూడా చెప్పలేకపోయాను.

బ్లేడూ, దారమూ, సబ్బూ ఉన్న సంచి ఒకటి నాయనమ్మ కూడా అడిగి తీసుకుంది. మళ్ళీ పురుళ్ళకు వెళ్ళటం మొదలుపెట్టింది. కాళ్ళు సహకరించినన్నాళ్ళు వెళ్ళింది. చీకటి గదికి వచ్చే పిల్లలు ఆగలేదు. మా ఊరి నుంచి మాత్రం తర్వాత ఎవరూ రాలేదు.

చెల్లి ఆవిడతో మాట్లాడలేదు. ఒకే ఊళ్ళో ఉండి, ఒకే చర్చికి వచ్చి, చివరి వరసలో వేరుగా కూర్చునేది. రెండో బిడ్డను రేపల్లెలో నా చేతుల్లో కన్నది. ముని మనవరాలిని చూపించమని నాయనమ్మ అమ్మ చేత అడిగించింది. చెల్లి చూపించలేదు.

ఒక ఎండాకాలం నాయనమ్మ నిద్రలోనే పోయింది. సమాధి దగ్గరికి పేటంతా వచ్చింది. ఆవిడ చేతుల్లో పుట్టిన రైతుల కొడుకులు కూడా వచ్చి, రోడ్డు మీదే ఆగి, తల గుడ్డలు తీసి నిలబడ్డారు. పాస్టరుగారు ప్రార్థన చేశాక ఒక్కొక్కరం గుప్పెడు మట్టి వేశాం. చెల్లి పిల్లను చంకనేసుకుని దూరంగా చిల్లచెట్టు దగ్గర నిలబడింది.

"వచ్చి మట్టెయ్యవే" అంది అమ్మ.

చెల్లి పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. కదల్లేదు. ఎవరూ రెండోసారి పిలవలేదు. అమ్మ వంగి, చెల్లి పేరున ఇంకో గుప్పెడు మట్టి తీసి తనే వేసింది.