పెద్దమేస్త్రి వెనక సీటు

పెద్దమేస్త్రి చదివింది ఐదో తరగతి. ఆ ఐదు తరగతుల్లోనూ ఆయనే మొదటివాడు. ఈ మాట షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు, అడగనివాడికి రెండుసార్లు చెప్పాడు. పద్నాలుగో ఏట వెల్డింగు పట్టాడు. అప్పటినుంచి నలభై ఆరేళ్ళు కార్ల కింద వెల్లకిలా పడుకుని సైలెన్సర్లు మారుస్తూనే ఉన్నాడు. ఎన్ని అంబులెన్సుల నోళ్ళు మూయించాడో! శవాల బండిలో ఏడ్చేవాళ్ళ ఏడుపు ఒకరిదొకరికి వినపడిందంటే అది ఆయన సైలెన్సర్ వేశాకే. ఇంజనీర్లు చేతులెత్తేసిన బస్సును ఒక్క మధ్యాహ్నంలో దారికి తెచ్చాడు.

వీటన్నిటికన్నా గొప్పది ఆయన వెనక సీటు. ఆ షాపులో పని పూర్తయిన బండి నేరుగా సొంతదారు చేతికి పోదు. పెద్దమేస్త్రి వెనక సీట్లో ఎడమవైపు కూచుని హైవే ఎక్కిస్తాడు. ఎనభై ఐదు దాటాక కళ్ళు మూసుకుంటాడు. వీధుల్లో నోట్లో వేలు పెడితే కొరకని బండి కూడా ఆ వేగం దగ్గర అసలు గుణం బయటపెడుతుంది. గుంయ్‌మని లోతుగా ఒక రొద. చెవుల్లో దూది కుక్కినట్టుంటుంది, గంట ప్రయాణానికి తల దిమ్మెక్కుతుంది. అది లేదని తేలాక ఆయన కళ్ళు తెరిచి "పో" అంటాడు. ఆ మాట పడందే తాళాలివ్వరు.

లాయరమ్మ బండికి ఆ మాట రెండుసార్లు పడింది. మూడోసారి ఆవిడ బండిని షాపు గుమ్మానికి అడ్డంగా ఆపింది.

"మేస్త్రిగారూ, మీరు నాకు వేసింది సైలెన్సరా, బాకానా?"

"మొదటిసారి సైలెన్సర్ మార్చాను. రెండోసారి అది వేలాడే రబ్బర్లు మార్చాను. ఇక మార్చాల్సింది మీ చెవులే."

"వారానికి రెండుసార్లు, రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్లు! ఆ రొదలో పోయి కోర్టులో నిలబడితే జడ్జిగారు ఏమడుగుతున్నారో అర్థం కావట్లేదు నాకు."

"రొద లేకపోతే అర్థమవుతుందా?"

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో!"

పక్క బండి కింద పడుకున్న మేస్త్రి కూతురు మెల్లగా బయటికి జరిగింది. ఆమె పన్నెండేళ్ళుగా తండ్రి దగ్గరే పని చేస్తోంది. ఆమె వెల్డింగు తనదానికన్నా నున్నగా ఉంటుందని ఆయనకు తెలుసు. ఆ మాట ఇంతవరకూ నోరు జారలేదు.

"రొద ఉంది నాన్నా. మొన్న ముందు సీట్లో కూచుని నేనూ విన్నాను. నువ్వు 'పో' అన్నావు కదాని నోరు మూసుకున్నాను."

"అప్పుడే చెవులు మొలిచాయా నీకు? నీ పాలపళ్ళు ఊడకముందే నేను బస్సుల నోళ్ళు మూయించాను."

"బస్సుల సంగతి తర్వాత. వెనక సీట్లో ఎవరు కూచోవాలో ఇక మనం ఆలోచించుకోవాలి."

ఆ మాట సూటిగా తగిలింది. చేతులు ఎప్పుడో వణకడం మొదలుపెట్టాయి, మోకాళ్ళు బండి కిందికి పోనంటున్నాయి. ఆయన్ని ఇంకా పెద్దమేస్త్రిగా నిలబెట్టింది ఆ సీటే. అది పోతే మిగిలేది గుమ్మం పక్కనున్న స్టూలు.

"పదండి, అక్కడే తేల్చుకుందాం," అన్నాడు.

లాయరమ్మ నడిపింది. కూతురు ముందు, ఆయన వెనక. ఎనభై. ఎనభై ఐదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. టైర్ల చప్పుడు, గాలి ఈల, తాళాల గుత్తి గలగల. అంతే.

"పసిపిల్లని పడుకోబెట్టొచ్చు," అన్నాడు.

"పుర్రె పగిలిపోతోంది ఇక్కడ!" అని అరిచింది లాయరమ్మ.

"లాయరు కదా, సాక్ష్యం చూపించండి."

కూతురు వెనక్కి తిరగలేదు. "చెవి అలిసిపోతే కిటికీ అద్దం మీద అరచెయ్యి పెట్టమని నాకు మొదటి నెలలోనే నేర్పావు. ఏదీ, పెట్టు."

"నాకే పాఠాలా?" కూతురి నోరు ఒక్కసారిగా మూయించాలని ఆయన పక్క అద్దం మీద అరచేత్తో చరిచాడు.

అద్దం వణుకుతోంది. కందిరీగల తుట్టె చేతిలో పట్టుకున్నట్టుంది. లాయరమ్మ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వణుకు ఆగింది. మళ్ళీ తొక్కితే మోచేతిదాకా పాకింది. ఆయన చెవులు రిక్కించాడు. టైర్లు, గాలి, తాళాలు. చెయ్యి ఉందంటోంది, చెవి లేదంటోంది. నలభై ఆరేళ్ళపాటు గొట్టాల పక్కన పడుకున్నందుకు ఆ ఒక్క రొదనే చెవి పోగొట్టుకుంది. ఎప్పుడు పోయిందో, ఈలోగా ఎన్ని బండ్లకు "పో" అన్నాడో! ఆ లెక్క వెయ్యడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "బండి తిప్పండి."

"రొద ఉందా, లేదా?"

"తిప్పమన్నానా!"

షాపుకు వచ్చాక మోకాళ్ళను తిట్టుకుంటూ తనే బండి కిందికి దూరాడు. తను చెవిని నమ్మి వేసిన సైలెన్సర్ పొట్టిది, పొగ నేరుగా దూసుకుపోయే రకం. దాన్ని కోసి పారేశాడు. లోపల గదులుగదులుగా ఉండే పొడుగాటిది ఎక్కించి, గొట్టం మధ్యలో రొదను మింగే ఇంకో గుండ్రటి డబ్బా కలిపించాడు. వెల్డింగు కూతురు చేసింది.

"అతుకంటే ఇదా? పిచ్చిక గూడులా ఉంది."

"నువ్వు నేర్పిందేగా."

పని అయింది. లాయరమ్మ స్టీరింగు ముందు కూచుంది. కూతురు అలవాటుగా ముందు తలుపు వైపు నడిచింది. పెద్దమేస్త్రి వెనక తలుపు తెరిచాడు గానీ కూచోలేదు.

"ఎక్కు."

"నేనా?"

"కాదు, మీ తాత! ఎడమవైపు కూచో. అద్దం మీద చెయ్యి కూడా పెట్టు. నీ చెవుల మీద నాకు నమ్మకం లేదు."

తలుపు ధడాల్న వేశాడు. స్టూలు మీద రోడ్డుకు వీపు పెట్టి కూచున్నాడు.

ముప్పావుగంటకు బండి వస్తే ఇటు తిరిగాడు. కూతురు దిగి, బండి నెత్తిన చేత్తో తట్టింది. ఆమె పెదవులు కదిలాయి.

"మూడుసార్లు తిప్పించుకున్నారు, మర్చిపోను!" అని అరిచి లాయరమ్మ వెళ్ళిపోయింది.

"ఏమన్నావు బండిని?" అన్నాడు పెద్దమేస్త్రి.

"పో అన్నాను."

"అలా నంగినంగిగానా అనేది? నలభై ఆరేళ్ళు నేను అలాగే అన్నానా? మళ్ళీ అను."

బండి అప్పటికే మలుపు తిరిగిపోయింది. ఖాళీ రోడ్డు వైపు చూసి కూతురు మళ్ళీ అంది, ఈసారి గట్టిగా.