పాలలో ముంచని శాలువా

పెడనలో కలంకారీ అద్దకం వేసే సూరయ్యకు లోకంలో ఒక్కడంటేనే కుళ్లు. బందరు కాన్వెంటులో తన బెంచీలో కూర్చున్న శామ్యూల్ రాజ్. పదో తరగతిలో వాడి సైన్సు రికార్డులో కప్ప బొమ్మ గీసిపెట్టింది సూరయ్యే. అది ఎక్కడ గెంతి పారిపోతుందోనని మాస్టారు పుస్తకం మీద రాయి పెట్టారు. మార్కులు మాత్రం రాజ్‌కే పడ్డాయి.

ఆ రాజ్ రిజర్వు బ్యాంకులో డిప్యూటీ గవర్నరయ్యాడు. సూరయ్య ఓర్చుకున్నాడు; బొంబాయిలో వెలిగే దీపం పెడనలో కళ్లకు గుచ్చుకోదు. తీరా రాజ్ ఉద్యోగం వదిలి పార్టీలో చేరాడు. పార్టీ ఓడింది, వాడు గెలిచాడు, ప్రతిపక్ష నాయకుడై కూర్చున్నాడు. ఇప్పుడు బందరు బస్టాండు దగ్గర వాడి ఫ్లెక్సీ నీడలో మూడు ఊళ్ల గేదెలు పడుకుంటున్నాయి.

"ఓడినోళ్లకి కూడా పెద్ద కుర్చీ వేస్తారంట! మనం ఓడితే పీటైనా వెయ్యరు" అని భార్య వీరలక్ష్మి దగ్గర రోజూ ఏడ్చేవాడు.

గుడివాడ సభలో రాజ్‌కు కప్పే శాలువా పార్టీవాళ్లు సూరయ్యకే పురమాయించారు. అద్దకానికి ముందు బట్టను కరక్కాయ కలిపిన గేదె పాలలో ముంచాలి. లేకపోతే రంగు పాకిపోతుంది. సూరయ్య కరక్కాయ నీళ్లలో ముంచి ఊరుకున్నాడు.

"పాలేవయ్యా?" అంది వీరలక్ష్మి.

"కాఫీకి ఉంచాను."

"అయితే తాగు. ఆ కడుపుమంటైనా చల్లారుద్ది."

శాలువా మీద నెమళ్లన్నీ కాకులయ్యాయి. మడతపెట్టి ఇచ్చేసి, తమాషా చూద్దామని సభలో ముందు వరసలో కూర్చున్నాడు.

రాజ్ శాలువా విప్పి, కళ్లజోడు సర్దుకుని మైకు అందుకున్నాడు.

"ఇది మా సూరయ్య వేశాడన్నారు. కాదండీ. వాడిది నా రికార్డులో కప్ప గీసిన చెయ్యి. వాడు వేస్తే రంగు గీత దాటదు. ఇదెవరో చేతకానివాడు వేశాడు."

నోరు మూసుకుంటే సూరయ్య బతికిపోయేవాడే. కానీ తన బట్టను రాజ్ ఊరూ పేరూ లేని ఎవడికో కట్టబెట్టేశాడు! పుట్టనివాడి మీద కూడా సూరయ్యకు కుళ్లు పుట్టింది. చటుక్కున లేచాడు.

"ఎవడో కాదు, నేనే! పాలలో ముంచలేదు, అంతే!"

"ఎందుకు ముంచలేదురా?"

"నీ వైభోగం చూళ్లేక!"

సభంతా గొల్లుమంది. రాజ్ పకపకా నవ్వి ఆ శాలువానే భుజాల నిండా కప్పుకున్నాడు.

కాకులు కూడా వాడికే బాగున్నాయి. పెడన చేరేదాకా సూరయ్యకు మండింది అదే.